మాటలకు పుట్టిల్లు వెతికిన లుగత్ సాబు

లుగత్ సాబు పోయారని వాట్సాప్‌లో చూశాను. సౌదీలో మా యాన్బు క్లినిక్‌లో పనిచేసి వెళ్ళినవాళ్ళూ, నాలాగా ఇంకా పనిచేస్తున్నవాళ్ళూ ఉన్న గ్రూపు అది. ఆ కబురు కింద వరసగా దువాలు, జోడించిన చేతుల బొమ్మలు. నేనూ ఏదో ఒకటి పెట్టాలి గదా అని ఫోను పట్టుకుని కూర్చున్నాను. వేలు కదల్లేదు. ఆయన నోటి పుణ్యాన చాలా ఏళ్ళు నా పని తేలిగ్గా వెళ్ళిపోయింది. ఆయన నోరు మూతపడిన రోజున నేను చేసిందేమీ లేదు. అలాంటిదాన్ని రెండు చేతుల బొమ్మ పెట్టి ఊరుకోవాలంటే సిగ్గేసింది.

లుగత్ అంటే ఉర్దూలో నిఘంటువు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ అసలు పేరు ఎవరికీ గుర్తులేనంతగా అతికిపోయింది. ఆయన ఉద్యోగం దుబాసీ. డాక్టరు అరబ్బీలో అడిగింది మనవాడికి తెలుగులోనో ఉర్దూలోనో చెప్పడం, మనవాడు పొట్ట పట్టుకుని చెప్పింది డాక్టరుకి అరబ్బీలో చెప్పడం. కోడూరు వైపు మనిషి. ఇన్నేళ్ళు ఎడారిలో ఉన్నా కడప యాస పిసరంత కూడా అరగలేదు. చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు, యాలకులుండేవి. ఏదైనా మాట పుట్టుక చెప్పేముందు ఒక యాలక్కాయ నోట్లో వేసుకుని, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, ఉప్పు చిటికెడు తీస్తున్నట్టు గాల్లో పట్టేవారు. ఆ చిటికె విప్పితే మాట విప్పినట్టు లెక్క.

"మాట ఊరికే గాల్లోంచి ఊడిపడదు మా. దానికీ ఒక పుట్టిల్లు ఉంటాది. అత్తగారింట్లో ఎట్లున్నా పుట్టింటి పోలిక పోదు," అనేవారు. ఈ ముక్క రోజుకోసారైనా వినకపోతే మా క్లినిక్‌లో పొద్దు పోయేది కాదు.

నేను సూదులు వేసే నర్సుని. రేపల్లె దగ్గర మాది. సూది వేసేటప్పుడు మనిషి కండ బిగబట్టకూడదు. బిగబడితే నొప్పి, వాపు, మళ్ళీ నామీదే తిట్లు. "రిలాక్స్ అవ్వండి" అని నేనెంత మొత్తుకున్నా ఆరడుగుల వెల్డర్లు సైతం కొయ్యబారిపోయేవారు. లుగత్ సాబు వచ్చి పక్కన నిలబడ్డాక ఆ బాధ తప్పింది. నేను కుడి భుజం తుడుస్తుంటే ఆయన ఎడమ భుజం మీద తట్టి ఏదో ఒక మాట పుట్టిల్లు ఎత్తుకునేవారు. వాడు అటు తిరిగి వినేవాడు. నేనిటు పని కానిచ్చేదాన్ని. "అయిపోయిందా?" అని వాళ్ళు ఆశ్చర్యపోతుంటే ఆ మెచ్చుకోలంతా నాకే దక్కేది. "సిస్టర్ చెయ్యి చల్లనిది" అని లేబరు క్యాంపుల్లో పేరొచ్చింది. ఆ చల్లదనం నాది కాదని నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

కరోనా టీకాలు మొదలయ్యాక ఆయన విశ్వరూపం చూపించారు. మనిషిని బట్టి మాట. తెలంగాణ కుర్రాళ్ళొస్తే, "టీకా అంటే ఏమనుకున్నావప్పా? తిలకమే. నొసట పెడితే బొట్టు, భుజాన పెడితే టీకా. పెట్టించుకో, పెండ్లికొడుకు మాదిరి ఉంటావు," అనేవారు. గేటు దగ్గరి సౌదీ గార్డులతో అరబ్బీలో తహ్సీన్ అనే మాట ఎత్తేవారు. దాని మూలం కోట అట. టీకా వేసుకున్నవాడు కోటలో ఉన్నవాడన్నమాట. ఆఫీసు బాబులకు ఇమ్యూనిటీ గురించి చెప్పేవారు. పూర్వం రోములో ఊరుమ్మడి చాకిరీ, పన్నులు మాఫీ అయినవాణ్ణి అలా అనేవాళ్ళట. "అంటే వెట్టి మాఫీ అన్నమాట," అని తెలుగులో ముక్తాయిస్తే, వెనకాల నిలబడ్డ కాంక్రీటు పనివాడొకడు, "మాకెన్నడైతది సార్ మాఫీ?" అన్నాడు. అందరం నవ్వాం. మామిడితోటల ఊళ్ళవాళ్ళు కనిపిస్తే ఇనాక్యులేషన్. కొమ్మ గాటు పెట్టి ఇంకో చెట్టు కన్ను అందులో పొదిగి అంటు కట్టడమట దాని పుట్టిల్లు. "మా కోడూరు తోటల్లో చిన్నప్పట్నుంచి చూసిందే మా ఇది. ఇంగిలీషోడు ఇప్పుడు మనిషికి కట్టినాడు," అని మురిసిపోయేవారు.

వ్యాక్సిన్ అనే మాట మాత్రం ఆయన ముట్టుకునేవారు కాదు. ఎందుకని ఓసారి అడిగాను.

"దాని పుట్టిల్లు ఆవు మా, లాటిన్లో. ఆవులకొచ్చే అమ్మవారి రసికతో మొదలైనాది గదా ఈ కథ. ఈడ హిందువులుండారు, ముస్లిములుండారు. ఆవు అంటే ఒకనికి ఒకటి తోస్తాది, ఇంకొకనికి ఇంకొకటి తోస్తాది. ఆ గొడవ మనకొద్దు."

అంత జాగ్రత్తగల మనిషి. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంతా చేసి ఆయనకు సూదంటే చచ్చేంత భయం. తన వంతు వచ్చినరోజు బాత్రూములోకి వెళ్ళి రాలేదు. నేనే వెళ్ళి తలుపు కొట్టాను. వచ్చి కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని, "ఏదన్నా చెప్పు మా, ఏదన్నా చెప్పు," అన్నారు. నాకేం తెలుసు? మా నాయనమ్మ మశూచిని రోగం అనేది కాదు, అమ్మవారు పోసిందనేది. పిల్లాడు బతికితే అమ్మవారు దిగింది అనేది, తిట్టడానికి భయపడి అంతా మర్యాదగా మాట్లాడేది అని చెప్పాను. ఆయన కళ్ళు తెరిచారు. "తిట్టనీకి భయపడి మర్యాద! ఎంత మంచి మాట చెప్పినావమ్మా!" అని చిటికె పట్టారు. అప్పటికి సూది అయిపోయింది. ఆ పూటంతా ఆయన అదే మాట అందరికీ చెప్పుకుని తిరిగారు, నా పేరు కూడా చెప్పి మరీ. నేనెప్పుడూ ఆయన పేరు అలా చెప్పలేదు.

ఖర్జూరాలు పూతకొచ్చే రోజుల్లో ఒక శుక్రవారం ఆయన సముద్రానికి దూరంగా, లోపలుండే పాత యాన్బుకి వెళ్ళొచ్చారు. అక్కడన్నీ తోటలు. ఖర్జూరంలో మగచెట్లు వేరు, ఆడచెట్లు వేరు. రైతు మగపువ్వు రెమ్మ కోసుకుని ఆడచెట్టెక్కి, గెలల్లో ఆ దుమ్ము దులిపి, రెమ్మని లోపల కట్టి దిగుతాడు. అలా చేస్తేనే కాయ పడుతుంది. దాన్ని లఖాహ్ అంటారు. టీకాకీ అరబ్బీలో అదే మాట. ఆయన తోటలో ఆ పని కళ్ళారా చూసి ఉప్పొంగిపోయి వచ్చారు.

మర్నాడు స్కాఫోల్డింగ్ క్యాంపు నుంచి బస్సొచ్చింది. అందరూ మాస్కుల్లో ఉన్నారు, కళ్ళు తప్ప ఏమీ కనిపించడంలేదు. వరస నుంచి ఎవరో అడిగారు: "సార్, గా గోడ మీద గంత పెద్దగ ఏం రాసిన్రు?"

"లఖాహ్ అని రాసినారప్పా," అని లుగత్ సాబు యాలక్కాయ నోట్లో వేసుకున్నారు. ఇక చూస్కోండి. ఇనప పైపుల మీద ఎక్కే వాళ్ళకు చెట్టెక్కే రైతు కథ. చేత్తో ఎక్కి చూపించారు, దుమ్ము దులిపి చూపించారు. "ఆడచెట్టు కడుపు పండాలంటే ఈ లఖాహ్ పడాల. అదే మాట ఈ సూదికి పెట్టినారు."

"అంటె మాక్కూడ కడుపైతదా సార్?" అన్నాడొక చిలిపివాడు.

"నిన్ను చూస్తే కవలలే అనిపిస్తాండాది!"

హాలంతా ఘొల్లుమంది. అందరికంటే పెద్దగా నవ్విందాన్ని నేనే, చేతిలో సూది పట్టుకుని. ఆ రోజు ఒక్క కండా బిగుసుకోలేదు.

బస్సెక్కేటప్పుడు సూపర్‌వైజర్ అందరి భుజాలూ చూశాడట. ఒకడి భుజానికి దూది లేదు. వరసలోంచి ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ గమనించలేదు. జగిత్యాల వైపు కుర్రాడు. పెళ్ళయ్యాక సెలవు మీద వెళ్ళి భార్యతో కొన్నాళ్ళుండి వచ్చాడు, ఇంకా పిల్లల్లేరు. ఆ సూది వేసుకుంటే పిల్లలు పుట్టరని క్యాంపులో అప్పటికే గుసగుసలున్నాయి. సూపర్‌వైజర్ ఫోన్ చేసి, "వాడు రానంటున్నాడు, మీ దుబాసీ ఏదో చెప్పాడట," అన్నాడు.

లుగత్ సాబు ఆ సాయంత్రమే క్యాంపుకి వెళ్ళారు. మర్నాడు వచ్చి జరిగింది నాకు చెప్పారు. ఆ కుర్రాడు మర్యాదగానే మంచం మీద చోటిచ్చి, టీ పెట్టి ఇచ్చి అడిగాడట.

"మీరు చెప్పిందాంట్ల అబద్ధం ఉన్నదా సార్?"

"లేదు నాయనా. మాట నిజమే. మందుకీ దానికీ సంబంధం లేదు."

"పుట్టింటి పోలిక పోదని మీరే అంటిరి గద. చెట్టుకు కాయ పట్టించే మాట మనిషికి పెట్టిన్రంటే, గా సూది గా జాగలనే పనిచేస్తది గద సార్."

టీ గ్లాసు కింద పెట్టి తిరిగొచ్చారట. నాకు ఒళ్ళు మండింది. "ఇంకోసారి వెళ్ళి, అదంతా నేను సరదాకి కల్పించాను అని చెప్పెయ్యండి. అయిపోతుంది," అన్నాను.

ఆయన ముఖం నల్లబడింది. "నేను చెప్పిన మాటల్లో కల్పించింది ఒక్కటి లేదు మా. నాకుండే ఆస్తి అదొక్కటే. నచ్చచెప్తా. వింటాడు."

నచ్చచెప్పడానికి మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ వెళ్ళారు. ఉర్దూ వచ్చిన ఇంకో డాక్టరు చేత మాట్లాడించారు. కోటలూ తిలకాలూ అన్నీ చెప్పారు. చివరికి ఒక శుక్రవారం నా దగ్గరికొచ్చి, "సరే మా, ఈ పొద్దు అబద్ధమే చెప్తా," అని బయల్దేరారు. వెళ్ళేసరికి ఆ కుర్రాడి మంచం ఖాళీ. జ్వరమొస్తే వేరే చోటికి తరలించారు, అక్కణ్ణుంచి ఆస్పత్రికి.

ఆస్పత్రిలోకి ఎవర్నీ రానివ్వని రోజులు. గొంతులోకి ఊపిరి గొట్టం వేసేముందు రోగికి అర్థమయ్యేలా చెప్పాలని అక్కడి డాక్టరు మా క్లినిక్‌కి ఫోన్ చేశాడు. లుగత్ సాబు స్పీకరు పెట్టి మాట్లాడారు, నేను పక్కనే ఉన్నాను. డాక్టరు చెప్పినవన్నీ ముక్క పొల్లుపోకుండా తెలుగులో చెప్పారు. అవతల నుంచి ఊపిరి అందని చప్పుడు వినిపిస్తోంది. డాక్టరు చెప్పడం అయిపోయాక కూడా ఈయన ఫోను పెట్టలేదు.

"నాయనా, ఆ లఖాహ్ కథంతా అబద్ధం. నేను కల్పించినా. పుట్టిల్లు లేదు, పోలికా లేదు."

ఊపిరికీ ఊపిరికీ మధ్య గొంతు వినిపించింది. "ఇప్పుడా సార్ చెప్పుడు?"

ఆ వారంలోనే పోయాడు. ఊళ్ళో వాళ్ళకు ఫోన్ చేసి చెప్పిన దుబాసీ కూడా ఈయనే.

ఆ తర్వాత ఆయన మాటలు మానేశారు. పనికి వచ్చేవారు, డాక్టరు అడిగింది చెప్పేవారు, అంతే. నా కుర్చీ దగ్గరికి ఎవరొచ్చినా, "చొక్కా చెయ్యి పైకి ఎత్తప్పా," అని గోడవైపు తిరిగి నిలబడేవారు. జేబులో యాలకులు కనిపించేవి కాదు. మనుషులు మళ్ళీ బిగుసుకోవడం మొదలెట్టారు, సూదులు నొప్పి పుట్టించాయి, నా చల్లని చెయ్యి సంగతి క్యాంపుల్లో ఎవరూ ఎత్తలేదు. నాకు ఆయన మీద జాలి ఉండేది, నిజమే. కానీ దాంతోపాటు, ఈయన మళ్ళీ మాట్లాడితే బాగుండు, నా పని తేలికవుతుంది అన్న ఆశ కూడా ఉండేది. ఆ రెండిటినీ విడదీసి చూసుకునే ధైర్యం నాకు లేకపోయింది.

"మీ తప్పేం లేదు సాబు గారూ," అన్నాను ఓసారి, టీ ఇస్తూ. అలా అనడం అప్పటికి ఎన్నోసారో.

ఆయన నన్ను తేరిపార చూశారు. "నవ్వినోళ్ళలో నువ్వు గూడా ఉండావు గదమ్మా. అందుకే అంటాండావు."

కోపమొచ్చి కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదు. ఆయన అన్న మాట నిజం కాకపోతే అంత కోపం వచ్చేది కాదు.

ఇంకో రెండేళ్ళు పనిచేసి ఆయన ఎగ్జిట్ మీద, అంటే ఉద్యోగం పూర్తిగా వదులుకుని, ఊరికి వెళ్ళిపోయారు. వెళ్ళిన కొన్ని నెలలకు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల బస్సుల హారన్లు. జగిత్యాల బస్టాండు నుంచట. ఆ కుర్రాడి భార్యను వెతుక్కుంటూ, ఈ వయసులో, కోడూరు నుంచి అంత దూరం ఒక్కరే వెళ్ళారు, తన తప్పు ఒప్పుకోడానికి. అక్కడ జరిగింది వేరు. ఈయన నోరు విప్పేలోపే ఆ అమ్మాయి ఏడ్చిందట. "నేనే వద్దన్న సార్. సూది ఇప్పిచ్చుకోవద్దని ఫోన్ల ఏడ్చిన. పిల్లలు కారని మా వాడకట్టంత అన్నరు. నేనే సంపుకున్న," అందట. ఇన్నేళ్ళూ ఆ మాట అత్తకు కూడా చెప్పలేదట. బట్టలు కుట్టుకుంటూ, తిన్నదో లేదో అన్నట్టుగా బతుకుతోందట.

మెసేజ్ అక్కడ ఆపాను. నాకు ఆ క్షణంలోనే తట్టింది. భార్య వద్దంది అని పదిమంది మగాళ్ళ మధ్య చెప్పుకోలేక ఆ కుర్రాడు లుగత్ సాబు కథను అడ్డం పెట్టుకున్నాడేమో. అలా అయితే ఈయన మోసిన బరువు ఈయనది కానే కాదు. దించుకుని తేలిగ్గా బస్సెక్కి రావచ్చు. ఆయనకీ అది తట్టకుండా ఉండదు. అంత తెలివిగల మనిషి.

"నేను ఆ బిడ్డతో చెప్పినా మా," అన్నారు మెసేజ్‌లో. "లేదమ్మా, నీ మాట ఆయన వినలేదు. సూది వేయించుకుందామనే వచ్చినాడు. చొక్కా చెయ్యి మడిచి సిస్టరు ముందు కూర్చున్నాడు. అప్పుడు నేనొక పాడు కథ చెప్తే లేచి పోయినాడు. నీకు సంబంధం లేదు, అంతా నేనే చేసినా అని. చెప్పు తీసుకుందమ్మా నా మీదికి. వాళ్ళత్త అడ్డం పడింది. తిట్టింది చూడు, బాగా తిట్టింది!" ఆ గొంతులో నేను చాలా కాలంగా వినని హుషారు ఉంది. "నమ్మకపోతే సిస్టరమ్మను అడుగు అని నీ నంబరు ఇచ్చినా. అడిగితే ఏం చెప్పాల్నో నీకు తెలుసు."

నాకు తెలియదు. ఆ కుర్రాడు నా ముందు కూర్చోలేదు. మాస్కుల్లో వాడి ముఖం కూడా నేను చూడలేదు. వాడు ఎందుకు వెళ్ళాడో దేవుడికే తెలియాలి. మాటల్లో కల్పన ఉండకూడదని మంకుపట్టు పట్టి ఒక ప్రాణం పోగొట్టిన మనిషి, ఇప్పుడు ఇంత కల్పన చేసి నా మెడకు కట్టాడని విసుక్కున్నాను. జవాబివ్వలేదు. మళ్ళీ ఆయనా పంపలేదు. అలాగే పోయారు.

ఆయన పోయిన కబురు చూసిన మరుసటి వారం ఒక ఇండియా నంబరు నుంచి ఫోనొచ్చింది. డ్యూటీలో ఉన్నాను. మందుల గదిలోకి వెళ్ళి ఎత్తాను.

"యాన్బుల సూదులేసే సిస్టరేనా? జగిత్యాల నుంచి మాట్లాడుతున్న." ఎవరో చెప్పనక్కర్లేకపోయింది. "గా ముసలాయన మీ నంబర్ ఇచ్చిండు. అడుగుదామా వద్దా అని ఇన్నొద్దులు ఊకున్న. ఇప్పుడు మావోళ్ళు మల్ల పెండ్లి చేసుకోమంటున్నరు. మంచి మనిషే. కని నేను మొగుణ్ణి సంపుకున్నదాన్నా కాదా, గది ఎర్కగాకుంట ఇంకో ఇంటికి ఎట్ల వోను? నిజం చెప్పుండ్రి. మా ఆయన సూది ఇప్పిచ్చుకుందామనే వచ్చిండా?"

గది తలుపుకి ఆనుకుని నిలబడ్డాను. లుగత్ సాబుకు నేను చేయగలిగిన మేలు ఒక్కటే ఉంది, తెలియదని చెప్పడం. ఆ ఒక్క మాటతో ఆయనకు సగం మచ్చ పోతుంది. ఆ పిల్లకి ఎప్పటికీ పోదు.

"వచ్చాడమ్మా," అన్నాను. "నా ముందే కూర్చున్నాడు. చొక్కా చెయ్యి మడిచాడు. భుజం తుడిచాను కూడా. తొందరగా కానియ్యండి సిస్టర్ అన్నాడు. అప్పుడే ఆయన ఆ కథ ఎత్తుకున్నారు. విని లేచి వెళ్ళిపోయాడు."

"నా మాట ఏం చెప్పలేదా?"

"నీ ఊసే లేదు. నువ్వు చెప్పింది పట్టించుకుని ఉంటే అంతదూరం బస్సెక్కి ఎందుకొస్తాడు?"

అవతల ఏడుపు వినిపించింది. ఇన్నేళ్ళ ఏడుపు. నేను ఫోను పెట్టలేదు. బయట నా కుర్చీ దగ్గర ఎవరో పిలుస్తున్నా వెళ్ళలేదు.

తర్వాత ముక్కు చీది అడిగింది. "గా ముసలాయన ఉన్నడా ఇంక?"

పోయాడంటే ఆ అమ్మాయి చెప్పెత్తిన చెయ్యి గుర్తు చేసుకుంటుంది. చచ్చిపోయిన ముసలాణ్ణి తిట్టానని మళ్ళీ ఇంకో బరువు ఎత్తుకుంటుంది.

"ఉన్నారమ్మా. బానే ఉన్నారు."

"నేను మాఫ్ జెయ్యలేదని చెప్పుండ్రి."

"చెబుతాను," అన్నాను. "నువ్వు మాత్రం ఎప్పటికీ చెయ్యకు."